రాజు దిగాడు, నాయకులు దిగలేదు

2025 సెప్టెంబర్ 9న ఖాట్మండులో సింహదర్బార్ తగలబడుతున్న వీడియోలు చూస్తుండగా ఫోన్ మోగింది. దోహా నుంచి పాత మిత్రుడు. అక్కడ ఇద్దరం ఒకే కంపెనీ స్టోర్స్‌లో నాలుగేళ్లు పనిచేశాం. నేను వచ్చేశాను, అతను అక్కడే ఉండిపోయాడు. నేపాల్ పడమటి కొండల్లో అతని ఊరు. ప్రధాని ఓలీ రాజీనామా చేశాడు, పార్లమెంటు కాలింది, సుప్రీంకోర్టు కాలింది, వీటి గురించే మాట్లాడతాడనుకున్నాను. అతని టెన్షన్ వేరే ఉంది. వార్డు ఆఫీసు బాగానే ఉందో లేదో వెళ్లి చూసి రమ్మని పొద్దుటి నుంచి తమ్ముడికి మూడుసార్లు ఫోన్ చేశాడట.

దేశ సచివాలయం మండిపోతుంటే ఇతనికి వార్డు ఆఫీసు బెంగేమిటని అప్పుడు నవ్వొచ్చింది. తర్వాత రోజుల్లో ఆ ఫోన్ కాల్ మాటిమాటికీ గుర్తొచ్చింది. ఎందుకంటే ఆ వారమంతా టీవీలో, ఫేస్‌బుక్‌లో అందరిదీ ఒకటే మాట: నేపాల్‌లో ప్రజాస్వామ్యం ఫెయిలైంది. రాజు ఉన్నప్పుడే నయం అన్నవాళ్లూ తక్కువేం లేరు. ఈ తీర్పుతో నాకు పేచీ ఉంది. 2006 తర్వాత అక్కడ వచ్చిన మార్పు ఉత్తదేమీ కాదు. కొండ మీది చిట్టచివరి ఊరి దాకా వెళ్లింది. వెళ్లనిది ఒక్కచోటికే, పార్టీ ఆఫీసుల లోపలికి. నా వాదన ఇంతే. కానీ దీన్ని సరిగా చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లక తప్పదు.

నేపాల్ తొలి ఎన్నికలు 1959లో జరిగాయి. బీపీ కొయిరాలా ప్రధాని అయ్యాడు. ఏడాదిన్నర తిరిగేసరికి, 1960 డిసెంబర్‌లో, రాజు మహేంద్ర ఆయన్ని జైల్లో పెట్టి పార్లమెంటును రద్దు చేశాడు. ఆ తర్వాత ముప్పై ఏళ్లు పార్టీలు లేని పంచాయత్ వ్యవస్థ. 1990లో జనం రోడ్డెక్కి పార్టీలను తిరిగి తెచ్చుకున్నారు. 1996లో మావోయిస్టు యుద్ధం మొదలై పదేళ్లు సాగింది. మధ్యలో 2001 జూన్‌లో రాజకుటుంబం హత్యలు. 2005 ఫిబ్రవరి 1న రాజు జ్ఞానేంద్ర అధికారమంతా తన చేతుల్లోకి తీసుకున్నాడు. 2006 ఏప్రిల్‌లో 19 రోజుల జనాందోళన ఆయన్ని వెనక్కి నెట్టింది. 2008 మే 28న రాజ్యాంగ సభ తొలి సమావేశంలోనే దాదాపు 240 ఏళ్ల రాచరికం ముగిసింది. రాజు సామాను సర్దుకుని రాజభవనం ఖాళీ చేశాడు. ప్యాలెస్‌ను మ్యూజియం చేశారు. ఇంత పెద్ద మార్పు గద్దె మీద రక్తం చిందకుండా జరగడం చిన్న సంగతి కాదు.

మరో పెద్ద పనిని జనం దాదాపు మరిచిపోయారు. యుద్ధం ఆగేనాటికి శిబిరాల్లో చేరి ఐక్యరాజ్యసమితి పరిశీలనలో నిలిచిన మావోయిస్టు సైనికులు 19,000 మందికి పైనే. వాళ్లు ఏ సైన్యంతో పోరాడారో అదే సైన్యంలో వాళ్లను చేర్చుకోవాలని ఒప్పందం. ఏళ్ల తరబడి బేరాలు సాగాయి. చివరికి దాదాపు 1,400 మంది సైన్యంలో చేరారు, మిగతావాళ్లలో చాలామంది డబ్బు తీసుకుని ఇళ్లకు వెళ్లారు. ఎవరికీ పూర్తి తృప్తి లేదు. కానీ మళ్లీ తుపాకులు పేలలేదు. ఇలాంటి యుద్ధాలు ముగిసిన మిగతా దేశాల కథలు చదివినవాళ్లకు దీని విలువ తెలుస్తుంది.

రాజ్యాంగం మాత్రం ఒక పట్టాన తెమల్లేదు. 601 మందితో ఏర్పడిన మొదటి రాజ్యాంగ సభ నాలుగేళ్లు కూర్చుని ఏమీ రాయకుండానే 2012 మేలో ముగిసిపోయింది. 2013 నవంబర్‌లో మళ్లీ ఎన్నికలు పెట్టారు. 2015 ఏప్రిల్ 25 భూకంపంలో దాదాపు 9,000 మంది చనిపోయాక నాయకులకు ఉన్నట్టుండి తొందర పుట్టింది. జూన్‌లో పదహారు అంశాల మీద ఒప్పందం కుదిరింది, సెప్టెంబర్ 20న రాజ్యాంగం వచ్చేసింది. ఆ తొందరలో దక్షిణాన తరాయి మైదానంలోని మధేసీల మాట, థారూల మాట వినిపించుకోలేదు. ఆందోళనల్లో 40 మందికి పైగా చనిపోయారు. భారత్ సరిహద్దు నెలల తరబడి మూసుకుపోయి, చలికాలంలో గ్యాసు, మందులు లేక దేశమంతా అల్లాడింది. ఆ గాయం ఇంకా పచ్చిగానే ఉంది. తమ ప్రావిన్సుకు మధేశ్ అనే పేరు పెట్టుకోవడానికి కూడా వాళ్లకు 2022 జనవరి దాకా పట్టింది.

ఇక నేను అసలు చెప్పాలనుకున్న చోటికి వస్తాను.

ఆ రాజ్యాంగం దేశాన్ని మూడంచెలుగా విడదీసింది: కేంద్రం, ఏడు ప్రావిన్సులు, 753 స్థానిక ప్రభుత్వాలు. 753 అన్న అంకె మొదట విన్నప్పుడు నేనూ వెటకారం చేశాను. ఉన్న ఒక్క ప్రభుత్వాన్నే నడుపుకోలేనివాళ్లకు 753 ఎందుకని దోహాలో మిత్రుడితో అన్నాను కూడా. అతను వాదించలేదు. వాళ్ల నాన్న కథ చెప్పాడు.

నేపాల్‌లో స్థానిక ఎన్నికలు 1997లో జరిగాయి. గెలిచినవాళ్ల పదవీకాలం 2002లో అయిపోయింది. తర్వాత పదిహేనేళ్లు పల్లెల్లో ఎన్నికలే లేవు. పల్లెను ఒక్క కార్యదర్శి నడిపేవాడు, అతన్ని సచివ్ అనేవాళ్లు. యుద్ధం రోజుల్లో మావోయిస్టుల భయంతో చాలామంది సచివ్‌లు ఊళ్లొదిలి జిల్లా కేంద్రాల్లో కాపురం పెట్టారు. యుద్ధం ఆగాక కూడా కొందరు తిరిగి రాలేదు. మా వాడి పౌరసత్వ పత్రానికి సిఫారసు లేఖ కావాల్సి వచ్చినప్పుడు వాళ్ల నాన్న ఒకరోజంతా నడిచి జిల్లా కేంద్రానికి వెళ్లాడట. సచివ్ సెలవులో ఉన్నాడు. తిరిగొచ్చి, వారం తర్వాత మళ్లీ వెళ్లాడు. ఆ కాగితం లేకపోతే పాస్‌పోర్టు లేదు, పాస్‌పోర్టు లేకపోతే దోహా లేదు.

2017లో ఇరవై ఏళ్ల తర్వాత స్థానిక ఎన్నికలు జరిగాయి. దేశంలో 6,743 వార్డులు. ఒక్కో వార్డుకు ఒక అధ్యక్షుడు, నలుగురు సభ్యులు. ఆ నలుగురిలో ఇద్దరు కచ్చితంగా మహిళలు, వాళ్లలో ఒకరు దళిత మహిళ. ఈ ఒక్క నియమంతో దేశం మొత్తం మీద గెలిచిన సుమారు 35,000 మందిలో 14,000కు పైగా మహిళలే వచ్చారు. వాళ్లలో 6,500 మందికి పైగా దళిత మహిళలు. కొన్ని వార్డుల్లో నామినేషన్ వేసే దళిత మహిళ దొరక్క సీట్లు ఖాళీగా మిగిలిన మాటా నిజమే. అయినా, నీళ్లు ముట్టుకుంటే మైల అన్న ఇళ్లవాళ్లే ఆమె కూర్చున్న సమావేశానికి వచ్చి కూర్చోక తప్పని పరిస్థితి వచ్చింది. ఇది చట్టంతో వచ్చింది. దానంతటదే రావాలంటే ఇంకో వందేళ్లు పట్టేదని నా అనుమానం.

ఇప్పుడు మా వాడి వార్డు ఆఫీసు ఇంటి నుంచి అరగంట నడక. అధ్యక్షుడు తెలిసినవాడే. సంతకం పది నిమిషాల పని. జన్మ నమోదు, మరణ నమోదు, వృద్ధుల పింఛను, అన్నీ అక్కడే. సింహదర్బార్‌ను ఊరూరికీ తెస్తామని నాయకులు ఇచ్చిన నినాదం మిగతా చోట్ల ఎలా ఉన్నా ఇక్కడ మాత్రం అక్షరాలా నిజమైంది. దశాబ్దాల పాటు ప్రభుత్వమంటే ఎక్కడో దూరంగా ఉన్న ఒక తెల్లటి భవనం. ఇప్పుడు అది గుమ్మం దిగితే కనిపిస్తుంది, నచ్చకపోతే తిట్టొచ్చు.

ఉపమేయర్ల సంగతి ఇంకా ఆసక్తికరం. మేయర్, ఉపమేయర్ పదవులకు ఒక పార్టీ ఇద్దరిని నిలబెడితే వాళ్లలో ఒకరు మహిళ కావాలని చట్టం. పార్టీలు ఏం చేస్తాయో ఊహించడం కష్టం కాదు. మేయర్ సీటు మగవాళ్లకు, ఉప సీటు ఆడవాళ్లకు. 2017లో 753 చోట్లా కలిపి పై కుర్చీలో కూర్చున్న మహిళలు 18 మంది. ఉప కుర్చీల్లో పదింట తొమ్మిది మహిళలవే. కానీ పార్టీలు ఒకటి గమనించలేదు. ఉపమేయర్ చేతిలో న్యాయ సమితి ఉంది. పొలం గట్టు, నీటి కాలువ, ఎగ్గొట్టిన కూలి, ముసలి తల్లిదండ్రులను చూడకపోవడం వంటి 13 రకాల తగాదాల్లో ఆ సమితి తీర్పు ఇవ్వొచ్చు. మరో 11 రకాల్లో రాజీ కుదర్చవచ్చు. కోర్టు మెట్లెక్కే ధైర్యం, డబ్బు లేని ఆడవాళ్లు ఆ మహిళల దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టారు. చిన్నదని ఇచ్చిన పదవి చిన్నదిగా ఉండలేదు.

మరి పార్టీలు ఊరుకుంటాయా? 2022 ఎన్నికల్లో పొత్తులు కట్టాయి. మేయర్ సీటు ఒక పార్టీకి, ఉపమేయర్ సీటు ఇంకో పార్టీకి. ఒక్కో పార్టీ ఒక్కరినే నిలబెట్టింది కాబట్టి మహిళ నియమం వర్తించదు. చట్టం చెక్కుచెదరలేదు, ఉపమేయర్లలో మహిళల సంఖ్య మాత్రం గణనీయంగా పడిపోయింది. చట్టంలో సందు వెతకడంలో వాళ్లు చూపించిన తెలివిలో పదో వంతు బడులు నడపడంలో చూపించినా బాగుండేది.

వార్డు గురించి ఇంత మురిసిపోతున్నాను కదా, అక్కడ అంతా పాలూ తేనే అనుకోవద్దు. మా వాడి వార్డు అధ్యక్షుడికి సొంత డోజర్ ఉంది. పది నిమిషాల్లో సంతకం పెట్టే ఆ మనిషే ఏటా వార్డు బడ్జెట్‌లో పెద్ద ముక్కను రోడ్ల కింద పెట్టించి, తన బండినే పనిలో దింపుతాడు. కొండను అడ్డంగా కోసుకుంటూ పోతాడు. కాలువలుండవు, గోడలుండవు. వర్షాకాలం రాగానే మట్టి జారి కింది పొలాల మీద పడుతుంది, రోడ్డు మాయమవుతుంది. మరుసటి ఏడు మళ్లీ అదే రోడ్డుకు డబ్బు. ఇది ఒక్క ఊరి కథ కాదు. డోజరే వికాస్ అని నేపాలీలో దీనికో పేరే ఉంది, డోజర్ అభివృద్ధి అని. అయితే ఆ డోజర్ ఎవరిదో ఊళ్లో అందరికీ తెలుసు. 2022లో దాని మీదే గొడవ జరిగి, మెజారిటీ సగానికి తగ్గి, అతను చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు గెలిచాడు. పాత సచివ్ ఏం తిన్నాడో ఎవరికీ తెలిసేది కాదు.

ఈ 753 ప్రభుత్వాలకు పదవులైతే ఇచ్చారు, పనిముట్లు ఇవ్వలేదు. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్ 22 అంశాలను స్థానిక ప్రభుత్వాలకు రాసిచ్చింది, మాధ్యమిక విద్యతో సహా. కానీ దానికి తగిన విద్యా చట్టాన్ని కేంద్రం ఏళ్ల తరబడి చేయలేదు. 2023లో బిల్లు తెస్తే, మేం మునిసిపాలిటీల కింద పనిచేయమని టీచర్లు బడులు మూసి ఖాట్మండు వీధుల్లోకి వచ్చారు. ప్రతి మునిసిపాలిటీలో ముఖ్య పరిపాలనాధికారిని కేంద్రమే పంపుతుంది. కొండ మీది పోస్టింగ్ వద్దనుకున్నవాడు బదిలీ పైరవీలో ఉంటాడు, కుర్చీ నెలల తరబడి ఖాళీ. ఎన్నికైన మేయర్ బిల్లు మీద సంతకం పెట్టే అధికారి కోసం ఎదురుచూస్తూ కూర్చుంటాడు. వ్యాట్ ఆదాయంలో 70 శాతం కేంద్రానిది, 15 ప్రావిన్సులది, 15 స్థానిక ప్రభుత్వాలది. ప్రావిన్సులకు పోలీసులను అప్పగించే చట్టం 2020లోనే వచ్చినా అమలు కాలేదు. ముఖ్యమంత్రులున్నారు, వాళ్ల చేతి కింద పోలీసులు లేరు. అందుకే ప్రావిన్సులు దండగ అని నేపాలీలు అంటుంటే నేను కాదనలేను. చేతులు కట్టేసి, ఈత రాదని వెక్కిరించినట్టుంది వాటి పరిస్థితి.

ఉద్యోగుల వ్యవహారంలో జరిగిన ఒక ముచ్చట చెప్పాలి. సమాఖ్యకు తగ్గ సివిల్ సర్వీసు చట్టం పదేళ్లుగా రాలేదు. చివరికి 2025 మధ్యలో ప్రతినిధి సభ ఒక బిల్లును ఆమోదించింది. పదవి దిగిన అధికారి రెండేళ్ల వరకూ మరో ప్రభుత్వ నియామకం తీసుకోకూడదన్నది అందులో ఒక షరతు. దానికి కూలింగ్ ఆఫ్ అని పేరు. సభ ఆమోదించాక చూస్తే, ఆ షరతును పనికిరాకుండా చేసే ఇంకో వాక్యం బిల్లులో కలిసిపోయి ఉంది! ఎవరు కలిపారో తేల్చడానికి పార్లమెంటరీ విచారణ వేశారు. బిల్లు చట్టం కాకుండానే సెప్టెంబర్ వచ్చి సభే రద్దయింది.

పైన కూర్చున్నవాళ్ల సంగతి త్వరగా ముగిస్తాను, ఎందుకంటే అక్కడ చెప్పడానికి కొత్తగా ఏమీ జరగలేదు, అదే సమస్య. నేపాలీ కాంగ్రెస్ నాయకుడు షేర్ బహదూర్ దేవ్‌బా ఐదుసార్లు ప్రధాని. మొదటిసారి 1995లో, ఐదోసారి 2021లో. మావోయిస్టు నాయకుడు ప్రచండ మూడుసార్లు. ఓలీ 2015లో, 2018లో, 2024లో. 1990 తర్వాత ఏ ప్రభుత్వమూ ఐదేళ్లు నిండా నిలవలేదు. కొన్ని సీట్లు నేరుగా, కొన్ని ఓట్ల నిష్పత్తిని బట్టి నింపే మిశ్రమ ఎన్నికల విధానం వల్ల ఎవరికీ మెజారిటీ రాదు, అందుకే ఈ కుర్చీలాట అంటారు. ఈ వాదన నాకు అతకదు. 2017లో వామపక్ష కూటమికి దాదాపు మూడింట రెండొంతుల సీట్లొచ్చాయి. అందులోని ఓలీ, ప్రచండల పార్టీలు రెండూ కలిసి ఒక్కటయ్యాయి కూడా. అంత బలం ఉన్న ప్రభుత్వాన్ని ప్రతిపక్షం కూల్చలేదు. ఓలీ, ప్రచండ మధ్య పంపకాల గొడవే కూల్చింది. 2020 డిసెంబర్‌లో ఓలీ పార్లమెంటును రద్దు చేశాడు, 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తిరిగి నిలబెట్టింది. మేలో మళ్లీ రద్దు, జూలైలో కోర్టు మళ్లీ నిలబెట్టి దేవ్‌బాను ప్రధానిని చేయమంది. కోర్టు లేకపోతే ఏమయ్యేదో? కాబట్టి సంస్థలన్నీ కుప్పకూలాయన్న మాటా తప్పే.

జబ్బు పార్టీల్లో ఉంది. ఒక్క ఉదాహరణ చాలు. 2025 సెప్టెంబర్ 4న ప్రభుత్వం 26 సోషల్ మీడియా వేదికలను మూసేసింది. నాయకుల పిల్లల విలాసాల వీడియోలు చూసి అప్పటికే మండిపోతున్న కుర్రాళ్లు ఎనిమిదో తేదీన రోడ్డెక్కుతామని ప్రకటించారు. సరిగ్గా ఆ నడుమ రోజుల్లో ఓలీ పార్టీ ఏం చేస్తోందంటే, గోదావరి అనే చోట మహాసభ పెట్టుకుని, డెబ్బై ఏళ్లు దాటినవాళ్లు నాయకత్వంలో ఉండకూడదన్న నియమాన్ని తీసేస్తోంది. ఓలీకి అప్పటికి 73. ఎనిమిదో తేదీన కాల్పుల్లో ఒక్కరోజే 19 మంది చనిపోయారు. తొమ్మిదిన మంటలు. మొత్తం మృతులు డెబ్బై దాటారు. తగలబెట్టడాన్ని నేను సమర్థించను. కాలిపోయిన కోర్టు ఫైళ్లలో మామూలు జనం కేసులే ఎక్కువ ఉంటాయి. వార్డు ఆఫీసులు కూడా కొన్నిచోట్ల తగలబడ్డాయి. అయినా ఆ కోపం ఎవరి మీద పుట్టిందో చూడాలి.

రాజు వస్తే బాగుపడుతుందనే వాళ్లకు 2005 గుర్తు చేయాలి. రాజు సొంతంగా పాలించిన ఆ పదిహేను నెలల్లో మొదటి రోజే దేశమంతటా ఫోన్లు తెగిపోయాయి, పత్రికాఫీసుల్లో సైనికులు కూర్చుని వార్తలు దిద్దారు. 2006 ఫిబ్రవరిలో ఆయన పెట్టిన మునిసిపల్ ఎన్నికల్లో సగానికి పైగా స్థానాలకు నామినేషన్లే పడలేదు. యుద్ధం ఆయన చేతుల్లో ఆగలేదు, ఆయన తప్పుకున్నాకే ఆగింది.

నాకు మింగుడు పడనిది ఇంకొకటి ఉంది. యుద్ధంలో అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్ల కోసం 2015లో సత్య నిరూపణ కమిషన్ పెట్టారు. దానికి 63,000కు పైగా ఫిర్యాదులు వచ్చాయి. మాయమైనవాళ్ల కోసం వేరే కమిషన్. కమిషనర్లు మారారు, గడువులు పెరిగాయి, 2024లో చట్టాన్ని సవరించారు. ఫిర్యాదుదారులు ముసలివాళ్లవుతున్నారు. రెండు వైపులా చంపినవాళ్లు ఒకే ప్రభుత్వంలో వంతులవారీగా మంత్రులైతే విచారణ ఎవరు జరిపిస్తారు? ఈ విషయంలో మాత్రం ఫెయిలైంది అన్న మాటను నేను ఒప్పుకుంటాను.

సెప్టెంబర్ 12న సుశీలా కార్కీ తాత్కాలిక ప్రధాని అయింది, ఆ పదవిలోకి వచ్చిన మొదటి మహిళ. 2017లో ఆమె ప్రధాన న్యాయమూర్తిగా ఉన్నప్పుడు అభిశంసన తీర్మానం పెట్టింది నేపాలీ కాంగ్రెస్, మావోయిస్టు ఎంపీలే. 2026 మార్చి 5ను ఎన్నికల తేదీగా ప్రకటించారు. ఎన్నికల జోస్యాలు నా పని కాదు. ఒకటి మాత్రం చెప్పగలను: పాత పార్టీలను భయపెట్టిన కొత్త మొహాల్లో కొందరు స్థానిక ఎన్నికల నుంచే వచ్చారు. ర్యాపర్, ఇంజనీర్ అయిన బాలేన్ షా 2022లో ఏ పార్టీ లేకుండా ఖాట్మండు మేయరయ్యాడు. 753 కుర్చీలు లేకపోతే అలాంటివాళ్లు ఎక్కడ మొదలుపెట్టేవాళ్లు?

దోహాలో ఉన్న మా వాడికి ఆ మార్చి ఎన్నికల్లో ఓటు లేదు. 2021 జనాభా లెక్కల్లో 21 లక్షల మందికి పైగా విదేశాల్లో ఉన్నట్టు తేలింది. వాళ్లు పంపే డబ్బు దేశ ఆదాయంలో దాదాపు నాలుగో వంతు. విదేశాల్లో ఉన్నవాళ్లకూ ఓటు ఏర్పాటు చేయమని 2018లోనే సుప్రీంకోర్టు చెప్పింది. 2022 నవంబర్ సాధారణ ఎన్నికలప్పుడు అతను దోహాలో స్టాక్ లెక్కలు రాస్తూ ఉన్నాడు. అదే ఏడాది మేలో స్థానిక ఎన్నికలకు మాత్రం సెలవు కలిసొచ్చి ఊళ్లో ఉన్నాడు, ఓటేశాడు. ఎవరికని అడిగితే చెప్పలేదు. డోజర్‌కు కాదని మాత్రం అన్నాడు.

సెప్టెంబర్ 10న తమ్ముడు పంపిన ఫొటోను నాకూ పంపాడు. వార్డు ఆఫీసు భద్రంగా ఉంది. రేకుల కప్పు, నీలం తలుపు, బయట బెంచీ మీద తాళం తీసేవాడి కోసం చూస్తూ ఇద్దరు ముసలివాళ్లు. వెనక కొండ మీద ఎర్రగా, అడ్డంగా, కొత్తగా కోసిన రోడ్డు.